సూదిమందుకూ పెద్దాపరేషన్‌కూ నడుమ (మన దేహాల చరిత్ర – 9)



పోయిన భాగంలో మంత్రసానుల గురించి రాసిన తర్వాత, నర్సింగ్ చదువుతున్న ఒక చెల్లె ఇన్‌బాక్స్‌లో ఇట్లా రాసింది: "అక్కా, కాన్పుల చరిత్ర రాసినవ్. ముట్టు నొప్పికి కూడా చరిత్ర ఉంటదా? మాకు క్లాసులో ఎండోమెట్రియోసిస్ అని ఒక్క పేజీ చెప్పి వదిలేసిన్రు. మా వాడల ఆ పేరు ఎవ్వరికీ తెల్వదు. నొప్పి మాత్రం అందరికీ తెలుసు."

ఉంటది చెల్లె. ఆ చరిత్ర మా ఇంట్లోనే ఉంది. ఇన్నేళ్ళుగా రాయకపోవడానికి కారణం సిగ్గు కాదు. రాయాలంటే మా చిన్నమ్మను అడగాలి. మొన్న దసరాకు ఊరికి పోయినప్పుడు అడిగాను. "రాయి, నా ముచ్చటే కద, దాంట్ల దాసుడేముంది" అన్నది. అందుకే ఇవాళ రాస్తున్నాను.

మాది సంగారెడ్డి వైపు. చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. నాకంటే తొమ్మిదేళ్ళే పెద్ద, అందుకే అక్కలాగా కలిసి పెరిగాం. ముట్టయిన మొదటి మూడు రోజులు ఆమె కూలికి పోయేది కాదు. పోలేకపోయేది. నడుము దగ్గర మొదలై తొడల దాకా గుంజుతుందని, ఆ రోజుల్లో దొడ్డికి కూర్చుంటే లోపల కత్తి తిప్పినట్టు ఉంటుందని మా అమ్మతో చెప్పేది. పత్తి ఏరే కాలంలో మూడు రోజుల కూలి పోతే ఆ నెల చిట్టి కట్టడం కష్టం. ఒకసారి నొప్పితో చేను గట్టు మీద ముడుచుకుని పడుకుంటే, ఆ చేను ఆసామి భార్య "మాదిగోళ్ళకు గూడ ఇంత నాజూకా?" అన్నది. నేను పక్కనే ఉన్నాను. ఈ మాటను కొంచెంసేపు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

మా వాడకు డాక్టర్ అంటే ఆరెంపీయే. ఆయనను నేను తిట్టదలచుకోలేదు. రాత్రి పన్నెండింటికి పిలిచినా బండి మీద వచ్చేవాడు, డబ్బులు లేకపోతే పంట చేతికొచ్చాక ఇవ్వమనేవాడు. అన్నిటికంటే ముఖ్యం, మా చెయ్యి పట్టుకుని నాడి చూసేవాడు. పెద్ద దవాఖానలో మమ్మల్ని ముట్టుకోకుండా మందులు రాసిన డాక్టర్లను చూసిన వాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు. ఆయన చిన్నమ్మకు నెలనెలా డైక్లోఫెనాక్ సూది వేసేవాడు. అట్లా ఆరేళ్ళు. మొదట్లో సూదితో పూట గడిచేది, తర్వాత గంటలు కూడా గడవలేదు.

2006లో ఒకరోజు ఆయనే, "తెల్లబట్ట ముదిరింది, గర్భసంచికి పుండు పట్టింది, తీసెయ్యకపోతే క్యాన్సర్ అయితది" అని టౌన్లో ఒక నర్సింగ్ హోంకు తీసుకుపోయాడు. స్కానింగ్ తీశారు. అరగంటలో అంతా ఖాయమైపోయింది. ఇద్దరు పిల్లలు, పిల్లలు కాకుండా ఆపరేషన్ కూడా అయిపోయింది. "ఇంక ఆ సంచితోని నీకేం పని?" అని అక్కడి డాక్టరమ్మ అడిగింది. చిన్నమ్మ వయసు అప్పటికి 26. ఖర్చు 18 వేలు. బర్రెను అమ్మితే వచ్చింది కొంత, మిగతాది నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. ఆరెంపీకి అందులో ఎంత ముట్టిందో మా చిన్నాయనకు చాలా కాలం తర్వాత తెలిసింది.

నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను, సహాయానికి వెంట పోయాను. ఆపరేషన్ అయ్యాక ఒక ఆయమ్మ స్టీలు బేసిన్‌లో గర్భసంచిని పట్టుకొచ్చి, "సూడుండ్రి ఎట్ల ఖరాబైందో" అని మా చిన్నాయనకూ నాకూ చూపించింది. మేము తల ఊపాం. అది బాగుందో పాడైందో మాకెట్లా తెలుస్తుంది? మేము అంతకుముందు గర్భసంచిని ఎప్పుడు చూశాం గనక? దాన్ని ల్యాబ్‌కు పంపారా అని అడగాలని కూడా మాకు తెలియదు.

ఏడాదిన్నరకు నొప్పి తిరిగొచ్చింది. ముట్టు లేదు, నొప్పి ఉంది. ఆరెంపీ ఈసారి "గ్యాస్" అన్నాడు.

ఇక ఆ ఒక్క పేజీ పాఠంలోకి పోదాం. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం సంచి బయట, అంటే అండాశయాల మీద, కడుపు లోపలి పొర మీద, పేగుల మీద, మూత్రాశయం మీద పెరగడమే ఎండోమెట్రియోసిస్. నెలనెలా వచ్చే హార్మోన్ల మార్పుకు అది కూడా స్పందిస్తుంది. వాస్తుంది, రక్తం కారుతుంది, కానీ ఆ రక్తానికి బయటికి దారి లేదు. లోపలే పుండులాగా, మచ్చలాగా మారి అవయవాలను ఒకదానికొకటి అతికిస్తుంది. పిల్లలు కలగడానికీ అడ్డం పడవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో దాదాపు పదిమందికి ఒకరు, సుమారు 19 కోట్ల మంది, దీనితో బతుకుతున్నారు. ఇది సంచి బయటి జబ్బు. బయట పెరిగిన కణజాలాన్ని వదిలేసి సంచిని మాత్రమే తీసేస్తే నొప్పి మిగిలిపోవచ్చు, తిరిగి రావచ్చు. కొందరికి ఆ ఆపరేషన్ నిజంగానే అవసరం పడుతుంది, ఉపశమనం కూడా ఇస్తుంది, కాదనడం లేదు. కానీ అది ఎవరికి అవసరమో తేల్చాలంటే ముందు జబ్బు పేరు తేలాలి.

ఆ పేరు ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నదే ఈ చరిత్రలో అసలు ముచ్చట. దానికోసం కాసేపు మన వాడను వదిలి అమెరికా పోవాలి. ఎందుకంటే మన డాక్టర్లు చదివే పుస్తకాల్లోకి ఈ జబ్బు అక్కడి నుంచే వచ్చింది, అక్కడి తెల్ల దొరల కళ్ళద్దాలతో సహా.

న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ అనే ఊళ్ళో జాన్ సాంప్సన్ అనే సర్జన్ ఉండేవాడు. ఆపరేషన్లలో అండాశయాల మీద చిక్కటి గోధుమరంగు పాత రక్తం నిండిన తిత్తులను చూసి 1921లో వాటి గురించి రాశాడు. చాక్లెట్ సిస్టులు అన్నాడు. మన స్కానింగ్ రిపోర్టుల్లో ఇప్పటికీ అదే మాట కనబడుతుంది. ముట్టు రక్తంలో కొంత వెనక్కి, ట్యూబుల గుండా కడుపులోకి పోయి అక్కడ కణజాలం నాటుకుంటుందని 1927లో ఒక సిద్ధాంతం చెప్పాడు. ఇవాళ్టికీ ఎక్కువగా వినబడేది ఆ సిద్ధాంతమే, దానితో చెప్పలేనివి చాలా ఉన్నా సరే. ఎండోమెట్రియోసిస్ అన్న పేరు స్థిరపడింది కూడా ఆయన రాతల వల్లే. సాంప్సన్ తన రోగుల కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూసి, బొమ్మలు గీయించి, ఫోటోలు తీయించి అచ్చు వేశాడు. ఆ బొమ్మలు ఇప్పటికీ చూడవచ్చు.

తర్వాత బోస్టన్‌లో జో మీగ్స్ అనే పేరుమోసిన గైనకాలజిస్టు వచ్చాడు. 1930లు, 40లలో ఆయన ఒక వాదన బలంగా వినిపించాడు. డబ్బున్న ప్రైవేటు రోగుల్లో ఈ జబ్బు ఎక్కువగా కనబడుతోంది, ధర్మాసుపత్రి వార్డుల్లో బీదవాళ్ళలో తక్కువగా కనబడుతోంది. కారణం ఏమిటంటే డబ్బున్న ఇళ్ళ ఆడవాళ్ళు ఆలస్యంగా పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కనడం వాయిదా వేస్తున్నారట. కాబట్టి వాళ్ళు తొందరగా పెళ్ళాడి తొందరగా, ఎక్కువమందిని కనాలి. మంచి ఇళ్ళ సంతానం తగ్గిపోతోందని అమెరికా పెద్దమనుషులు బెంగపెట్టుకున్న కాలం అది. ఆ బెంగ వైద్యపుస్తకంలోకి మందు చీటీ రూపంలో దూరింది. తర్వాత 1970లు, 80ల నాటికి దీనికి 'ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళ జబ్బు' అనే పేరు కూడా పడింది. చదువుకుని, కొలువు చేసి, పిల్లల్ని వాయిదా వేసే తెల్ల ఆడమనిషి బొమ్మ డాక్టర్ల మనసుల్లో ముద్రపడిపోయింది.

మీగ్స్ లెక్కలో ఉన్న లొసుగు మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆ కాలంలో కడుపు కోసి చూస్తే తప్ప ఈ జబ్బు బయటపడదు. డబ్బున్నామె నొప్పి అంటే కోసి, ఓపికగా వెతికి చూశారు. బీదామె నొప్పి అంటే వెతకలేదు. వెతకని చోట దొరకలేదు. దొరకలేదు కాబట్టి అక్కడ లేదు అని రాసుకున్నారు. మన చరిత్ర చదివే విద్యార్థులకు ఈ తర్కం బాగా తెలిసిందే కదా, మా తాతలకు శాసనాలు లేవు కాబట్టి చరిత్ర లేదన్నట్టు.

మరి నల్లజాతి ఆడవాళ్ళు అదే నొప్పితో వస్తే ఏమన్నారు? ఇన్ఫెక్షన్ అన్నారు. పొత్తికడుపు ఇన్ఫెక్షన్, అంటే లైంగిక సంబంధాల వల్ల వచ్చే వాపు. ఒక నొప్పికి రెండు పేర్లు. తెల్లామెకు వచ్చింది పిల్లల్ని కనకపోవడం వల్ల, నల్లామెకు వచ్చింది నడవడి సరిగా లేకపోవడం వల్ల. రెండు పేర్లలోనూ తప్పు ఆడమనిషిదే, కానీ నల్లామె మీద పడ్డది తప్పు మాత్రమే కాదు, మచ్చ. నల్లవాళ్ళకు నొప్పి తక్కువ తెలుస్తుందనే నమ్మకం దీనికి తోడు. అది ఎంత పాతదంటే, గైనకాలజీకి పితామహుడని పొగిడించుకున్న మారియన్ సిమ్స్ 1840లలో అలబామాలో బానిస స్త్రీల మీద మత్తుమందు లేకుండా పదేపదే ఆపరేషన్లు చేసి తన పద్ధతి నేర్చుకున్నాడు. వాళ్ళలో అనార్కా, బెట్సీ, లూసీ అనే ముగ్గురి పేర్లు మాత్రం మిగిలాయి. న్యూయార్క్ సెంట్రల్ పార్కు దగ్గరున్న ఆయన విగ్రహాన్ని 2018లో తీసేశారు. గట్టు మీద మా చిన్నమ్మను అన్న మాట గుర్తుందా? "మాదిగోళ్ళకు గూడ ఇంత నాజూకా?" ఆమె సిమ్స్ పేరు విని ఉండదు. వినాల్సిన అవసరమూ లేదు.

ఈ గోడను ముందుగా తట్టినవాళ్ళలో షికాగోకు చెందిన డొనాల్డ్ చాట్‌మన్ ఒకరు. ఆయనా నల్లజాతి గైనకాలజిస్టే. నొప్పితో వచ్చిన నల్లజాతి స్త్రీలకు లాపరోస్కోపీ చేసి, అంటే చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి, లోపల ఏముందో చూశాడు. ఎండోమెట్రియోసిస్ కనబడింది. వాళ్ళలో చాలామంది అంతకుముందు ఇన్ఫెక్షన్ అనే ముద్రతో ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళు. 1976లో ఆయన దీన్ని అమెరికా గైనకాలజీ పత్రికలో ప్రచురించాడు. శీర్షికే 'నల్లజాతి స్త్రీలో ఎండోమెట్రియోసిస్'. ఒక జబ్బు ఒక జాతి ఆడవాళ్ళకూ వస్తుందని చెప్పడానికి ఒక పేపర్ రాయాల్సి వచ్చింది, అది కూడా ఆ జాతి డాక్టరే రాయాల్సి వచ్చింది. మన పిల్లలు మెడిసిన్ సీట్లలోకి ఎందుకు రావాలి అని రిజర్వేషన్ల చర్చల్లో అడిగేవాళ్ళకు నేను చాట్‌మన్ పేరు చెబుతుంటాను.

ఇప్పుడు మళ్ళీ మన దగ్గరికి వద్దాం. బోస్టన్ డబ్బున్నామెకు ఇచ్చిన సలహా 'పిల్లల్ని కను'. మా చిన్నమ్మకు ఇచ్చిన సలహా 'కన్నది చాలు, తీసెయ్'. రెండు సలహాలూ నొప్పి గురించి కాదు, ఎవరి కడుపున ఎంతమంది పుట్టాలి అన్న లెక్క గురించి. మనలో ఆడపిల్లకు ముందు మొదటి సలహా చెబుతారు. "పెండ్లైతే పోతది, కాన్పైతే పోతది" అని వినని ఆడపిల్ల మీలో ఎవరైనా ఉంటే చెప్పండి. పెండ్లయ్యి, కాన్పులయ్యి, పిల్లలు కాకుండా ఆపరేషన్ కూడా అయ్యాక రెండో సలహా మొదలవుతుంది. ఆంధ్రలో పెళ్ళైన ఆడవాళ్ళలో ముగ్గురికి ఇద్దరు ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే, తెలంగాణలోనూ దాదాపు అంతే. అది అయిన రోజు నుంచి గర్భసంచి ఒక పనికిరాని సంచి.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారి గర్భసంచి తొలగింపు గురించి అడిగారు. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దేశం మొత్తం మీద 3.2 శాతం మందికి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలు మన తెలుగువాళ్ళవే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఈ ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రులకు ఎంత ఆదాయం అయ్యాయంటే, ప్రభుత్వమే ఆ పథకం కింద వీటిని ప్రభుత్వ దవాఖానలకు పరిమితం చేయాల్సి వచ్చింది. అప్పటికి చేతి నుంచి డబ్బులు పెట్టి చేయించుకునే దారి ఊళ్ళలో బాగా అలవాటైపోయింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ఇట్లాంటి అనవసర ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకు పోయాడు. ఆ మహిళల్లో ఎక్కువమంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలేనని పిటిషన్‌లో చెప్పాడు. పదేళ్ళ తర్వాత, 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని అన్ని రాష్ట్రాలనూ కోర్టు ఆదేశించింది.

మన సంఘాల్లో ఈ విషయం మాట్లాడితే చర్చ ప్రైవేటు ఆసుపత్రుల దోపిడీ దగ్గర ఆగిపోతుంది. దోపిడీ నిజమే. కానీ దోపిడీదారు దగ్గరికి ఆమె ఏ దారిన చేరింది? ఆరేళ్ళు సూది వేసిన మనిషికి వేరే ఏ తలుపూ తెలియదు కాబట్టి చేరింది. సూదిమందుకూ పెద్దాపరేషన్‌కూ నడుమ ఒక డాక్టర్ ఉండాలి. కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగి, అనుమానించి, సరైన చోటుకు చీటీ రాసి పంపే డాక్టర్. వేరే దేశాల్లో ఫ్యామిలీ డాక్టర్ అనేది ఆ మనిషినే.

ఆ మనిషి మన ఊళ్ళో ఎందుకు లేడో దానికీ ఒక తారీఖు ఉంది. 1943లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. అప్పటికి దేశంలో ఉన్న రిజిస్టర్డ్ డాక్టర్లు 47 వేల పైచిలుకు. అందులో మూడింట రెండు వంతుల దాకా ఎంబీబీఎస్‌లు కారు, తక్కువ కాలం చదువుకున్న లైసెన్షియేట్లు. కమిటీ ఆ చదువు ఆపేసి, దేశమంతా ఒకే రకం పూర్తిస్థాయి డాక్టర్ ఉండాలన్నది. కొందరు సభ్యులు ఒప్పుకోలేదు, అయినా అదే నడిచింది. ఆశయం గొప్పదే, బీదవాడికి చౌక డాక్టర్ ఎందుకు అన్న ప్రశ్నా న్యాయమైనదే. కానీ లైసెన్షియేట్ల చదువులు మూతబడ్డాయి, కొత్త ఎంబీబీఎస్‌లు పట్నంలో ఆగిపోయారు, ఆ ఖాళీలోకి ఆరెంపీ వచ్చాడు. వై.ఎస్. ప్రభుత్వం ఆరెంపీలకు శిక్షణ ఇవ్వాలని చూసినప్పుడు డాక్టర్ల సంఘాలు గోల చేశాయి. ఆ గోల చేసినవాళ్ళలో ఎంతమంది మా వాడకు వచ్చి కూర్చుంటారని అప్పట్లో నేను ఒక సభలో అడిగి, మైకు లాక్కునేదాకా తెచ్చుకున్నాను. అది వేరే కథ.

అయితే ఫ్యామిలీ డాక్టర్ ఉంటే అంతా బాగుపడుతుందా అంటే, అదీ కాదు. బ్రిటన్‌లో ప్రతి మనిషికీ ఒక ఫ్యామిలీ డాక్టర్ ఉంటాడు, ఫీజు లేదు. అక్కడ పార్లమెంటు సభ్యుల బృందం ఒకటి పదివేల మందికి పైగా బాధితులను అడిగి 2020లో నివేదిక ఇచ్చింది. జబ్బు పేరు తేలడానికి సగటున 8 ఏళ్ళు పట్టింది. పేరు తేలకముందు 58 శాతం మంది తమ డాక్టర్ దగ్గరికి పదిసార్ల కంటే ఎక్కువ పోయారు. 2017లోనే అక్కడి నైస్ అనే జాతీయ సంస్థ డాక్టర్లకు స్పష్టంగా చెప్పింది: పొట్ట నొక్కి చూస్తే ఏమీ తెలియకపోయినా, స్కానింగ్ మామూలుగా ఉన్నా, ఈ జబ్బు లేదని కొట్టేయవద్దు. అయినా ఇదీ పరిస్థితి.

బ్రిటన్, నెదర్లాండ్స్ ఫ్యామిలీ డాక్టర్లు పరిశోధకులకు చెప్పుకున్న ఇబ్బందులు చదివితే, నాకు కోపం కంటే ఎక్కువగా ఆశ్చర్యం కలిగింది. వాళ్ళు నిజాయితీగా ఒప్పుకున్నారు. ముట్టు నొప్పి మామూలే అని మేమూ అనుకుంటాం, ఆ అమ్మాయీ అట్లాగే అనుకుంటుంది. నొప్పి ఒకసారి పేగుల జబ్బులా, ఒకసారి మూత్రం ఇన్ఫెక్షన్‌లా కనిపిస్తుంది. తేల్చే రక్తపరీక్ష లేదు. ఎట్లాగూ మొదట ఇచ్చేవి నొప్పి గోలీలూ హార్మోన్ గోలీలే కదా, పేరు పెట్టి ఏం లాభం అనిపిస్తుంది. ఈ చివరి మాటకు నా దగ్గర జవాబుంది. పేరు ఉంటే 26 ఏళ్ళకు సంచి తీయించుకోమన్నప్పుడు, ఆగు అని అడ్డం చెప్పవచ్చు.

మా జిల్లాలో ఒక పీహెచ్‌సీలో పనిచేసే డాక్టరమ్మ నాకు దోస్తు. మనలోనుంచే చదువుకుని వచ్చిన మనిషి. ఆమెను అడిగాను. "పొద్దున పూట వంద మంది వస్తరు. ఒక్కరికి మూడు నిమిషాలు. పక్కనే అత్త నిలబడి ఉంటది, భర్తతోని కలిసినప్పుడు నొప్పి ఉంటదా అని ఎట్ల అడుగుత? పెండ్లి కాని పిల్లకు లోపలి పరీక్ష చేస్తే ఊరు ఊరంతా లేస్తది. ఇంకోటి, మనదగ్గర గర్భసంచి టీబీ కూడా ఉంటది, నిజం ఇన్ఫెక్షన్లూ ఉంటయి. అవి ముందు అనుమానించుడు తప్పు కాదు. అనుమానం అక్కడ్నే ఆగిపోవుడు తప్పు" అన్నది. ఇంకొక మాట కూడా అన్నది, అది నాకు ఎక్కువ తాకింది. "చీటీ రాసి పంపిస్త. ఏరియా దవాఖానల లాపరోస్కోపీ లేదంటరు. పట్నం పొమ్మంటరు. కూలి పోగొట్టుకుని, బస్సు కిరాయి పెట్టుకుని ఆమె మూడుసార్లు తిరిగి, నాలుగోసారి నర్సింగ్ హోంకు పోతది. నా చీటీ కాగితమే అక్కా, దారి కాదు."

కాబట్టి విద్యార్థి సంఘాల్లో పనిచేసే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక పని. తెలంగాణలో 2023 మార్చి నుంచి ఆరోగ్య మహిళ కింద కొన్ని దవాఖానల్లో ప్రతి మంగళవారం ఆడవాళ్ళను ప్రత్యేకంగా చూస్తామన్నారు. ఆంధ్రలో అదే ఏడాది ఫ్యామిలీ డాక్టర్ అనే పేరుతోనే ఒక పథకం పెట్టి, పీహెచ్‌సీ డాక్టర్ నెలకు రెండుసార్లు ఊరికి వస్తాడన్నారు. మీ మండలంలో అవి నడుస్తున్నాయా? నడిస్తే ముట్టు నొప్పితో వచ్చినామెను ఏం అడుగుతున్నారు, ఎక్కడికి పంపుతున్నారు, పంపినామె అక్కడికి చేరిందా? సమాచార హక్కు దరఖాస్తు పెట్టడం మనకు కొత్త కాదు. హాస్టళ్ళలో పాయిఖానాల గురించి పెట్టాం, ఇది కూడా అదే శరీరం గురించి.

నా సంగతి చెప్పి ముగిస్తాను. నాకు 14 ఏళ్ళప్పుడు ఎస్సీ హాస్టల్లో నొప్పి మొదలైంది. వార్డెన్ బడి ఎగ్గొట్టే వేషం అన్నది. తర్వాత సూదులు, తర్వాత అల్సర్ గోలీలు, ఒకసారి అపెండిసైటిస్ అని ఆపరేషన్ టేబుల్ దాకా పోయి వచ్చాను. నాలుగు స్కానింగులు తీశారు, నాలుగూ నార్మల్. 2017లో, 28 ఏళ్ళకు, పట్నంలో ఒక ప్రభుత్వ దవాఖాన ఓపీలో నా వంతు వచ్చింది. అక్కడున్నది కొత్తగా చదువు అయిపోయిన పిల్ల, కళ్ళ కింద నిద్రలేని నలుపు. వెనక లైన్ తోసుకుంటోంది. ఆ పిల్ల రిపోర్టులు పక్కన పెట్టి అడిగింది: "ఆ రోజులల్ల దొడ్డికి పోతే కూడా నొప్పి వస్తదా?"

చిన్నమ్మ అన్న కత్తి మాట గుర్తొచ్చింది. పద్నాలుగేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. వస్తది అన్నాను. పనికి పోలేకపోతవా? పోలేను. ఇంట్ల ఇంకెవరికన్న ఇట్ల ఉన్నదా? ఈ జబ్బు తల్లికో అక్కచెల్లెళ్ళకో ఉంటే మనకు వచ్చే అవకాశం ఎక్కువ, అందుకని అడుగుతారు. మా అమ్మకు లేదు, మా చిన్నమ్మకు ఉండె అని చెప్పాను. సంచి తీసేసినా నొప్పి పోలేదని కూడా చెప్పాను. ఆ పిల్ల తలెత్తి చూసి, ఎన్నేళ్ళకు తీసిన్రు అని అడిగి, రాసుకుంది. అంతా కలిపి అయిదు నిమిషాలు కూడా కాలేదు. నాలుగు నెలల తర్వాత లాపరోస్కోపీ అయింది. పేగుకూ గర్భసంచికీ నడుమ అతుకులు, ఎడమ అండాశయం మీద సాంప్సన్ చెప్పిన ఆ గోధుమరంగు తిత్తి. ముక్క తీసి ల్యాబ్‌కు పంపారు, రిపోర్టు నా దగ్గర ఉంది.

మొన్న దసరాకు ఆ ఫైల్ చిన్నమ్మకు చూపించాను. ఇప్పుడు ఆమెకు 45 దాటాయి, మోకాళ్ళు పట్టేశాయి, నడుము వంగింది. ఆమె ఆపరేషన్ కాగితాలు ఏమైనా ఉన్నాయా అని అడిగితే, డబ్బులు కట్టిన రసీదు ఒక్కటే ఉండె, అదీ వానకు తడిసి పోయిందన్నది. నా కేస్ షీట్‌లో ఆమె గురించి రాసిన ఒక్క లైన్ మీద వేలు పెట్టి చదివి వినిపించాను: తల్లి చెల్లెలు, 26వ ఏట గర్భసంచి తొలగింపు, నొప్పి కొనసాగింది.

"నా పేరు రాయలేదా?" అన్నది.

రాయలేదు చిన్నమ్మా, చిన్నమ్మ అని మాత్రమే రాశారు అన్నాను.

"పేరు రాయకపోతే అది నాదే అని ఎట్ల తెలుస్తది?" అని, పెన్ను ఇయ్యి అన్నది.

(వచ్చే ఆదివారం పదో భాగం: హాస్టల్ గదుల్లో నెలసరి)